జిగురు వడ్లు తేలిన వసంతం

మంచు పూర్తిగా కరిగేలోపు ఇంట్లో కావలసిన పనులను అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. నేను కాగితం మీద రాసుకున్నాను.

మంచు మీద బండి జారే దారి ఉండగానే గుర్రపు ఎరువు పొలానికి చేర్చాలి.
కొండకాలువకు పడిన గండి పూడ్చాలి.
నారుమడి మీద కప్పడానికి నూనెకాగితాలు అతికించి పెట్టుకోవాలి.
రోజూ తినే అన్నం వడ్లను ఉప్పునీళ్ళలో తేల్చి, తాలు తీసి, వాగులో నానవేయాలి.
జిగురు వడ్లను కూడా ఉప్పునీళ్ళలో తేల్చాలి.
ఎనిమిదో తారీఖున పద్నాలుగు గడపలకూ జిగురు విత్తనం పంచాలి.

ఐదో పని అమ్మ చెప్పింది కాదు. నేను చేర్చింది.

యుద్ధం ముగిసిన ఎనిమిదో ఏడు అది. మా ఒకుమిజు పల్లె కొండ మీద ఉంటుంది, మాది కాక ఉన్నవి పద్నాలుగు గడపలే. కొత్త సంవత్సరానికి ఆ పద్నాలుగు ఇళ్ళలో ఉడికించి దంచే జిగురు అన్నపు ముద్దలన్నీ మా ఇంటి విత్తనం నుంచి వచ్చినవే. ఆ రకం ఇంకెక్కడా లేదు. అయిదు తరాలుగా దాన్ని కాపాడే పని మా ఇంటిది. ఏటా వసంతంలో ఒక రోజు అందరూ సంచులు పట్టుకుని వస్తారు, మా అమ్మ మానికతో కొలిచి పోస్తుంది. అంతే. కానీ ఊళ్ళో మా ఇంటికి ఉన్న మర్యాద అంతా ఆ మానికలోనే ఉండేది.

మా నాన్న లేడు. అన్నయ్య సేకిచి మూడు చలికాలాలు అడవిలో దుంగలు లాగి నన్ను పట్టణంలో వ్యవసాయ పాఠశాలలో చదివించాడు. మా వంశంలో పట్టా చేతికి తీసుకున్న మొదటివాణ్ణి నేనే. మార్చి నెలాఖరున ఇంటికి వచ్చాను. చదివినదంతా ఆ వసంతంలోనే చేసి చూపించాలని తొందర.

ఏప్రిల్ నాలుగో తారీఖు ఉదయం పెరట్లో తొట్టి పెట్టి నీళ్ళు నింపాను. పక్కింటి గొంజబురో తాత, మరో నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఊరికి పెద్ద ఆయనే. అన్నయ్యకు వదినను చూసి పెళ్ళి కుదిర్చిందీ ఆయనే. ఆ ఉదయమే కోడి పెట్టిన గుడ్డును నేను నీళ్ళలో వేశాను. అడుక్కి వెళ్ళి పడుకుంది.

"ఏరా యసుజో, ఇన్నేళ్ళూ బళ్ళో గుడ్డుకి ఈత నేర్పారా నీకు?" అన్నాడు తాత.

"ఈత కాదు తాతా. ఉప్పు ఎంత వెయ్యాలో గుడ్డే చెబుతుంది."

"మా ఇంట్లో ఆ మాట నా పెళ్ళాం చెబుతుంది. రోజూ ఎక్కువే చెబుతుంది."

అందరూ నవ్వారు. నేను ఉప్పు పోసి కలుపుతూ మా మాస్టారు చెప్పినట్టే చెప్పాను. ఏ వస్తువైనా నీళ్ళలోకి దిగితే తనంత మేర నీళ్ళను పక్కకు నెడుతుంది. ఆ నీళ్ళు తనకంటే బరువైతే అవి దాన్ని పైకి మోస్తాయి. నీళ్ళు తేలికైతే ఆ వస్తువు మునిగిపోతుంది. ఉప్పు కలిపితే నీళ్ళు బరువెక్కుతాయి. కాబట్టి మంచినీళ్ళలో మునిగే అరకొర గింజ కూడా ఉప్పునీళ్ళలో పైకి తేలి బయటపడుతుంది. అడుగున మిగిలినదే అసలు విత్తనం.

చెబుతుండగానే గుడ్డు కదిలింది. కొస పైకెత్తి నిలబడింది. ఇంకా ఉప్పు పోశాను. పైకి వచ్చి, పక్కకు ఒరిగి, నాణెమంత మేర వీపు బయటపెట్టి తేలింది. సాంద్రత 1.13. ఇక చాలు.

అన్నం వడ్లు పోశాం. దోసెడు తాలు పైకి వచ్చింది, మిగిలినదంతా బరువుగా అడుక్కి దిగింది. వెదురు జల్లెడతో తాలు తీసి చూపించాను. గొంజబురో తాత ఒక గింజ నలిపి చూసి, "పొల్లే" అని తల ఊపాడు. అన్నయ్య గుర్రం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"జిగురు విత్తనం కూడా తెండి. ఈ నీళ్ళలోనే చూసేద్దాం" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ విత్తనాన్ని ఎప్పుడూ తూర్పారబట్టి మంచినీళ్ళలో ముంచి తీయడమే తప్ప ఉప్పు తగలనివ్వలేదు. కానీ పొద్దుటి నుంచీ చూసింది కదా. వదిన కియోనో గడ్డి సంచీ మోసుకొచ్చి తొట్టిలో పోసింది.

వడ్లు మునగలేదు. ముందు బుడగల వల్లనేమో అనుకుని కలిపాను. చేయి తీయగానే మళ్ళీ పైకి వచ్చాయి. తొట్టి పైభాగం అంతా పచ్చగా పరుచుకుంది. నీళ్ళు కనిపించలేదు. అడుగున మూడో వంతు కూడా లేదు.

అందరూ తొట్టి మీదకు వంగారు. గొంజబురో తాత, "మొత్తం తాలేనట్రా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"అలాగే ఉంది తాతా" అన్నాను.

అమ్మ వదిన వైపు తిరిగింది. "కోతలప్పుడు ఆరబెట్టింది ఎవరు?"

అందరికీ తెలుసు. కిందటి శరదృతువులో వదిన తండ్రి పోయాడు. కనుమ దాటి మూడు రోజులు పుట్టింటికి వెళ్ళింది. ఆ మూడు రోజులూ వాన. దండెం మీద పనలు తడిశాయి.

"వచ్చాక రెండుసార్లు తిరగేసి ఆరబెట్టాను అత్తయ్యా. గింజ గలగలలాడాకే సంచికి ఎత్తాను."

"గలగలలాడింది తాలు కాబట్టే" అంది అమ్మ. తరువాత గొంతు తగ్గించింది. తగ్గించినా అందరికీ వినబడింది. "కొన్ని చేతుల్లో ఏ విత్తూ నిలవదు."

మా వైపు ఒక సామెత ఉంది. మూడేళ్ళకు కడుపు పండని కోడలు వచ్చిన దారినే వెళ్ళాలని. వదిన కాపురానికి వచ్చి ఆ నెలకు మూడేళ్ళు నిండాయి. అప్పటిదాకా ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. అనడానికి కారణం దొరకలేదు. ఆ ఉదయం నేను తొట్టెడు కారణం తెచ్చి పెట్టాను.

*

"ఉప్పు పోయేదాకా కడిగి కోళ్ళకు వెయ్యి. ఉప్పు తింటే చస్తాయి" అని అమ్మ చెప్పింది. మధ్యాహ్నం వదిన ఆ గింజలను వాగు దగ్గరకు తీసుకెళ్ళింది. బుట్టలు మోసిపెట్టడానికి నేనూ వెళ్ళాను. కరిగిన మంచు నీళ్ళు. మోచేతుల దాకా ఆమె చేతులు ఎర్రబడిపోయాయి.

"యసుజో గారూ, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు."

"అడుగు వదినా."

"తాలు గింజ నొక్కితే అణుగుతుంది కదా. ఇవి అణగట్లేదు."

"సగం నిండినవైతే అణగవు."

"ఒకటి కొరికి చూశాను. నిండుగానే ఉంది."

"ఒక గింజతో ఏం తెలుస్తుంది వదినా? నీళ్ళు వేల గింజల్ని ఒక్కసారే చూస్తాయి. నీళ్ళకు ఎవరి మీదా ప్రేమ లేదు, పగ లేదు." ఇది కూడా మా మాస్టారి మాటే.

ఆమె బుట్ట ఎత్తి నీళ్ళు ఓడ్చింది. "నీళ్ళకు లేకపోవచ్చు" అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. పొద్దు వాలుతుండగా వంటింటి గడప మీద కూర్చుని, బుట్టలోంచి తెచ్చుకున్న పిడికెడు గింజలను గోటితో ఒలవడం మొదలుపెట్టాను. మొదటిది నిండు గింజ. రెండోదీ అంతే. పది చూశాను. నలభై చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా పాలలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. నలభై మూడో గింజ దగ్గర ఆపి లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తీశాను.

నా చేతిరాతే. పెన్సిలుతో. "జిగురు రకాలకు 1.08 మాత్రమే. జిగురు గింజలో కంటికి కనబడని గాలి అరలు ఉంటాయి, అందుకే అది పాలరంగులో ఉంటుంది, అందుకే తేలిక. అన్నం వడ్ల నీళ్ళు వాడరాదు." చివరి మాట కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. మా పాఠశాల పొలంలో జిగురు రకం వేయలేదు. చేత్తో చేయనిది బుర్రలో మిగల్లేదు. రాసుకున్నానన్న సంగతే మరిచిపోయాను.

గింజలు బాగున్నాయి. నీళ్ళే వాటికి తగినవి కావు.

లేచి వెళ్ళి చెప్పాలి. నాలుగు అడుగుల దూరం. అంతలో అమ్మ భోజనానికి పిలిచింది. ఆ రోజు చేప తల నా పళ్ళెంలో పెట్టింది. అది ఇంటి పెద్దకు పెట్టేది.

"వీడు చదువుకోకపోయుంటే ఆ తాలంతా పద్నాలుగు ఇళ్ళకూ పంచేవాళ్ళం. నారు మొలవక ఊరంతా మన గుమ్మంలో ఉమ్మేసేది" అంది అమ్మ, అన్నయ్యతో.

అన్నయ్య తలూపాడు. వదిన నా గిన్నెలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. నేను తిన్నాను.

*

మరునాడు చెబుదామనుకున్నాను. పొద్దున్నే అమ్మ మంచి కోటు వేసుకుని గొంజబురో తాత ఇంటికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో తెలియదు. తిరిగి వచ్చి వదినను పిలవకుండా తానే నీళ్ళు తోడుకుంది. అప్పటి నుంచి ఏ పనీ ఆమెకు చెప్పలేదు. మా ఇళ్ళలో కోడలికి పని చెప్పడం మానేస్తే దాని అర్థం ఒకటే.

ఆరో తారీఖున అన్నయ్య గుర్రపుశాలలో జీను తోలు కుడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"అన్నయ్యా, ఆ జిగురు విత్తనం సంగతి..."

"దాని గురించే చెబుదామనుకున్నాను" అన్నాడు తల ఎత్తకుండానే. "నిన్న కింది ఊరి వాళ్ళు దారిలో కలిశారు. వాళ్ళకూ ఉప్పునీళ్ళ పని నేర్పడానికి వస్తావా అని అడుగుతున్నారు. అయిదు పల్లెల వాళ్ళు. మా తమ్ముడేనని చెప్పాను." దారం పళ్ళతో తెంపాడు. "అడవిలో కాలు నలిగినప్పుడు కూడా ఎందుకొచ్చిన చదువు అనుకోలేదురా నేను."

నేను లేచి గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాను.

"వదినను పంపించేస్తారా?" అని అడిగాను చివరికి.

సూది ఆగింది. "అమ్మ నిర్ణయించింది. ఎనిమిదో తారీఖున తాత ఎలాగూ వస్తాడు. ఆయనే తీసుకెళ్ళి దిగబెడతాడు."

"నీకు ఇష్టమేనా?"

"నా ఇష్టం ఎవరు అడిగారు?" అని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "విత్తనం పోతే ఊరికి ఏం సమాధానం చెబుతాం?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు కాదు. తనను తాను సమాధానపరచుకుంటున్నాడు.

ఏడో తారీఖున అమ్మ, "కోళ్ళకు ఆ గింజలు వేశావా?" అని అడిగింది. మూడు రోజుల్లో వదినతో మాట్లాడిన ఒకే మాట అది.

"ఇంకా నూక ఉంది అత్తయ్యా. అది అయ్యాక వేస్తాను."

నేను అటక వైపు చూశాను. నీడన చాప మీద వదిన పలుచగా పరిచి ఆరబెట్టిన ఆ గింజలే ఉన్నాయి. వదిన నన్ను చూసింది. ఏమీ అనలేదు. అనాల్సింది నేను. ఆ రోజు కూడా అనలేదు.

*

ఎనిమిదో తారీఖు ఉదయం పద్నాలుగు గడపల వాళ్ళూ ఖాళీ సంచులతో పెరట్లోకి వచ్చారు. అప్పటికే అందరికీ తెలుసు. అయినా ఆచారం కాబట్టి వచ్చారు. గొంజబురో తాత పండుగ బట్టలు వేసుకున్నాడు. గడప పక్కన నీలం గుడ్డలో కట్టిన మూట ఉంది. వదిన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వి ఉంది.

అమ్మ ముందుకు వచ్చింది. మోకాళ్ళ మీద వీపు నిటారుగా కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, పద్నాలుగు గడపల ముందూ తల వంచబోయింది. "మా ఇంటి చేయి తప్పింది..." అని మొదలుపెట్టింది.

అమ్మ నుదురు నేలను తాకకముందే నా నోట మాట వచ్చింది.

"తప్పలేదమ్మా. ఆ విత్తనం మంచిదే."

ఏం చెప్పినా నమ్మరని నాకు తెలుసు. మాటల వల్ల వచ్చిన తప్పు కాదది, నీళ్ళలోనే సరిదిద్దాలి. తొట్టి దగ్గరకు వెళ్ళాను. మూత కింద పాత ఉప్పునీళ్ళు అలాగే ఉన్నాయి. ఆ పొద్దున కోడి పెట్టిన గుడ్డు వేశాను. వీపు బయటపెట్టి తేలింది. వెనక్కి తిరిగేసరికి అటక మీది చాప నా కాళ్ళ దగ్గర ఉంది. వదిన తెచ్చి పెట్టింది. నేను అడగలేదు.

పిడికెడు గింజలు నీళ్ళలో చల్లాను. అన్నీ తేలాయి.

"అదేగా మొన్న చూశాం" అన్నారు ఎవరో.

వాగు నీళ్ళు ఒక బిందె పోశాను. తేలుతూనే ఉన్నాయి. రెండో బిందె. గుడ్డు కొంచెం లోపలికి దిగింది. మూడో బిందె అన్నయ్య అందుకుని పోశాడు. నేను కలిపాను. ఒక గింజ దిగింది. ఆగాం. ఇంకేమీ దిగలేదు. గొంజబురో తాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తొట్టిలోకి వంగాడు. నాలుగో బిందెకు గుడ్డు పైభాగం వదిలేసి, లోపలికి జారి, అడుగున కొస మీద నిలబడింది. అప్పుడు గింజలు దిగడం మొదలైంది. మూడు, పది, తరువాత గుంపులుగా, తొందర లేకుండా, గాలి లేని రోజున మంచు పడినట్టు. చివరికి తొట్టి పైన పదో పన్నెండో మిగిలాయి.

తాత ఆ పదింటిలో ఒకటి తీసి నలిపాడు. పొల్లు. చేయి లోపలికి పెట్టి అడుగు నుంచి ఒకటి తీసి కొరికాడు. చాలాసేపు నమిలాడు.

"అంటే, తప్పు గింజది కాదు. నీళ్ళది" అన్నాడు.

"నీళ్ళది కూడా కాదు తాతా. నాది. జిగురు గింజ తేలిక. దానికి ఇంత ఉప్పు పనికిరాదని బళ్ళో చెప్పారు. నేనే మరిచిపోయాను."

పెరడంతా ఊపిరి వదిలింది. ఒకరిద్దరు నవ్వారు కూడా. "చదువుకున్నోడు మరిచిపోయాడట, చదువుకోని గుడ్డుకి గుర్తుంది" అన్నాడు తాత. నాకు ఆ నవ్వు వరంలా అనిపించింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

అమ్మ మాత్రం నవ్వలేదు. "ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?" అని అడిగింది.

నేను తొట్టిలో చేయి పెట్టి గుడ్డును బయటికి తీశాను.

"నాలుగు రోజులైంది అత్తయ్యా" అంది వదిన. గొంతులో కోపం లేదు. "అయిదో తారీఖు పొద్దున గడప దగ్గర ఒలిచిన పొట్టు ఉంది. నేనే ఊడ్చాను."

ఎవరూ నా వైపు చూడలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

అమ్మ లేచి నిలబడింది. బట్టలు దులుపుకుంది. కాసేపు ఎటు చూడాలో తెలియనట్టు నిలబడి, "కియోనో, అందరికీ టీ పెట్టు" అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఊరికంతటికీ తెలుసు. మా అమ్మ అంతకంటే కిందికి వంగలేదు. వదిన లోపలికి వెళ్ళి నీళ్ళు మరగబెట్టింది. అందరికీ కప్పులు అందించింది. తరువాత మానిక పట్టుకుని పద్నాలుగు సంచుల్లోనూ తానే విత్తనం కొలిచి పోసింది. పైన అరచేత్తో సమంగా తుడిచి, ఒక్క గింజ కింద పడకుండా. చివరి సంచీ మూతి కట్టాక పని చేసేటప్పుడు బట్టల మీద నడుముకు కట్టుకునే గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, అమ్మ ముందు ఉంచింది.

"టీ అయింది అత్తయ్యా" అని తల వంచి నమస్కరించి మూట చేతికి తీసుకుంది.

"ఎక్కడికమ్మా? ఇక వెళ్ళనక్కర్లేదుగా!" అన్నాడు తాత కంగారుగా.

"పంపడానికి ఉన్న కారణం పోయింది తాతా. ఉండడానికి కూడా ఒకటి కావాలి కదా." అన్నయ్య వైపు చూసింది. "మూడేళ్ళు ఒక ఇంట్లో తిన్నాం. నాలుగు రోజుల్లో మీరు ఒక్క గింజ కొరికి చూడలేదు."

అన్నయ్య చేతిలో ఖాళీ బిందె అలాగే ఉంది.

ఆమె వెళ్ళిపోయింది. తాత తోడు రాబోతే వద్దంది. మంచు కరిగిన చోట బురద, కరగని చోట మెత్తటి మంచు. జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ కనుమ దారి పట్టింది. కొంతసేపటికి అన్నయ్య బిందె దించి వెనకాలే పరుగెత్తాడు. సాయంత్రం ఒక్కడే తిరిగి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఆ ఏడు జిగురు నారు పద్నాలుగు మడుల్లోనూ ఒత్తుగా లేచింది. జూన్‌లో నాట్లప్పుడు ఊళ్ళోవాళ్ళు మా ఇంటి విత్తనాన్ని మెచ్చుకున్నారు. అమ్మ ఆ మెప్పు వినబడనట్టు తల దించుకుని నాట్లు వేసింది. తరువాత నాకు జిల్లాలో వ్యవసాయ సలహాదారు ఉద్యోగం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఊరూరా తిరిగి ఉప్పునీళ్ళ పని నేర్పాను. జిగురు వడ్ల దగ్గరకు వచ్చినప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు. అది గొప్పగా చెప్పుకోవడం కాదు.

ఇరవై ఏళ్ళ తరువాత ఒకసారి పట్టణంలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కనబడింది. అక్కడి ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తున్నానని చెప్పింది. నేను క్షమాపణ చెప్పాలని చాలా ఏళ్ళుగా మాటలు కూర్చి పెట్టుకున్నాను. ఆమె నన్ను మొదలుపెట్టనివ్వలేదు.

"ఆ ఏడు నారు ఎలా వచ్చింది యసుజో గారూ?"

"అంతా మొలిచింది వదినా."

"మొలుస్తుందని తెలుసు" అంది. బస్సు వచ్చింది. ఎక్కేసింది.

కిందటి చలికాలం ఆమె పోయిందని తెలిసి కనుమ దాటి వెళ్ళాను. అక్కడివాళ్ళకు నేనెవరో తెలియదు. మా ఊరి చరిత్ర రాసిన పుస్తకంలో ఆ విత్తనాన్ని కాపాడిన ఇంటి పేరు ఉంది, నా పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. అందుకే ఇదంతా రాశాను. ఇది చదివినవాళ్ళు నన్ను మరిచిపోండి, అభ్యంతరం లేదు. కియోనోను మాత్రం గుర్తుంచుకోండి. కనుమ అవతలి పల్లె ఆడపడుచు, మా ఇంట్లో మూడేళ్ళు కోడలు. నిజం తెలిసిన మనిషి నోరు తెరుస్తాడేమోనని నాలుగు రోజులు ఎదురుచూసింది.